సపోతెక్ ప్రతిమా పాత్రలు: దేవతలా, పూర్వీకులా?

మనం ఇంటింటా తినే సపోటా పండు పేరు మన భాషది కాదు. మెక్సికో మధ్య భాగంలోని అజ్టెక్కుల భాష నావాటల్. అందులో మెత్తని తీపి పండ్ల జాతికి ‘త్సపోత్ల్’ అని పేరు. స్పానిష్ వారి నోట అది ‘సపోతె’ అయింది. ఓడలెక్కి ఆసియా రేవులకు చేరి, చివరకు మన తోటల్లో ‘సపోటా’గా నిలిచింది. ఆ చెట్లు విరివిగా ఉండే దక్షిణ ప్రాంతపు జనాన్ని అజ్టెక్కులు ‘సపోటా నేలవారు’ అన్నారు. ఆ మాటే స్పానిష్ ద్వారా చరిత్ర గ్రంథాలలోకి ‘సపోతెక్’ అని ఎక్కింది. ఇంగ్లీషు పుస్తకాల్లో చదివేవారు దీన్నే ‘జపోటెక్’ అంటారు. ఆ జనం మాత్రం తమను అలా పిలుచుకోలేదు. టెవాంటెపెక్ భూసంధి ప్రాంతంలో నేటికీ వారు తమకు చెప్పుకొనే పేరు ‘బిన్నిజా’. బిన్ని అంటే జనం, జా అంటే మబ్బు.

ఒక జాతికి పొరుగువారు పెట్టిన పేరు స్థిరపడిపోవడం లోకంలో కొత్త కాదు. ఈ జాతి చేసిన మట్టి బొమ్మలకు కూడా పైవారు పెట్టిన పేర్లే స్థిరపడ్డాయి. ఆ పేర్లు బొమ్మల అర్థాన్నే మార్చివేశాయన్న వాదం నలభై ఏళ్లకు పైగా సాగుతున్నది. భాషాశాస్త్రం చదివేవారికి ఇది దగ్గరి విషయం కనుక ఇక్కడ కొంత వివరంగా చెప్పదలచాం.

మెక్సికోలోని వహాకా లోయ మూడు పాయలుగా విడిపోయిన లోయ. ఆ మూడూ కలిసే చోట, లోయ మట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున, కొండ కొనను చదును చేసి కట్టిన నగరం మోంతె ఆల్బాన్. క్రీ.పూ. 500 ప్రాంతంలో మొదలైన ఈ నగరం పదమూడు శతాబ్దాలు సాగి, క్రీ.శ. 800, 850ల నాటికి క్షీణించింది. మెక్సికో పురాతత్త్వవేత్త అల్ఫోన్సో కాసో 1931లో ఇక్కడ తవ్వకాలు ఆరంభించాడు. 1932 జనవరిలో 7వ సమాధిలో బంగారం దొరకడంతో లోకమంతా అటు చూసింది. ఆ బంగారం సపోతెక్కులది కాదు. తరువాతి కాలంలో మీష్టెక్కులు పాత సమాధిని తెరిచి తమ వారిని అందులో ఉంచినప్పటిది. సపోతెక్కుల సొంత సంపద ఏమిటంటే మట్టి.

ఆ మట్టి వస్తువులలో ముఖ్యమైనవి ఈ బొమ్మ పాత్రలు. వెనుక ఒక గొట్టం వంటి పాత్ర ఉంటుంది. దాని ముందు భాగానికి అతికించినట్టుగా ఒక మూర్తి ఉంటుంది. చాలా వాటిలో ఆ మూర్తి బాసింపట్టు వేసుకొని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చుంటుంది. చెవులకు చక్రాల వంటి పెద్ద కమ్మలు, మెడలో పతకం, నెత్తిన ఆ మూర్తి ఎత్తుకు సగమో, కొన్నిటిలో అంతకు మించో ఉండే ఈకల కిరీటం. ముందునుంచి చూస్తే వెనుక పాత్ర ఉన్నట్టే తెలియదు. జానెడు ఎత్తువి ఉన్నాయి, అర మీటరు దాటినవి ఉన్నాయి. క్రీ.పూ. చివరి శతాబ్దాల నుంచి క్రీ.శ. 800 దాకా చేసినవి దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 200 తరువాతివి.

చేసిన తీరు కూడా చూడాలి. సారె వాడకం ఆ ఖండంలో లేదు. గొట్టాన్ని చేత్తో నిలబెట్టి, మూర్తిని లోపల బోలుగా చేసి, కిరీటాన్నీ నగలనూ పలచని మట్టి పలకలుగా కోసి ఒకదానిమీద ఒకటి అతికేవారు. తరువాతి శతాబ్దాలలో ముఖాలనూ, నగలనూ అచ్చులలో ఒత్తి తీయడం పెరిగింది. ఆవంలో గాలి ఆడకుండా కాలిస్తే ఆ మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. చాలా బొమ్మలది ఆ రంగే. కొన్నిటిమీద కాల్చిన తరువాత పూసిన ఎరుపు రంగు జాడలు మిగిలాయి. లోపల బోలుగా, పైన పలకలతో బరువుగా ఉన్న బొమ్మను పగలకుండా కాల్చడం ఏ కుమ్మరికైనా కష్టమైన పని. ఆ పనితనం గురించి పుస్తకాలు రావలసినంతగా రాలేదని మా అభిప్రాయం. పండితులందరూ కిరీటాలలోని గుర్తులు చదవడంలో మునిగిపోయారు.

మొదటి తగవు ఈ పాత్రల జాతి పేరుతోనే వస్తుంది. స్పానిష్‌లో వీటిని ‘ఉర్నా’ అన్నారు, ఇంగ్లీషులోనూ అదే మాట. ఆ మాట వినగానే ఐరోపా వారికి చితాభస్మం గుర్తుకు వస్తుంది. తెలుగులో చెప్పవలసి వస్తే మనవాళ్లు వెంటనే ‘అస్థికలశం’ అంటారు. ఇవి సమాధులలో దొరికిన మాట నిజమే. సమాధి గదుల గూళ్లలో, వాకిలి ముందు, శవం చుట్టూ ఉంచారు. కాని వీటిలో చితాభస్మం దొరకలేదు. అసలు ఆ సమాధులలో శవాలను చాపి పడుకోబెట్టడమే వాడుక. పాత్రలు ఎక్కువగా ఖాళీగా దొరికాయి. కొన్నిటిలో పూసలో, గవ్వలో ఉన్నాయి. పైగా సమాధులతో సంబంధం లేకుండా గుడి నేల కింద, నైవేద్యపు గుంటలలో దొరికినవీ ఉన్నాయి. అందుచేత ఈ వ్యాసంలో మేము ‘ప్రతిమా పాత్ర’ అనే మాటే వాడుతున్నాం. అందంగా లేకపోయినా అది అబద్ధం చెప్పదు.

రెండవ తగవు పెద్దది. ఆ మూర్తులు ఎవరివి?

కాసో, ఆయన శిష్యుడు ఇగ్నాసియో బెర్నాల్ కలిసి 1952లో వహాకా ప్రతిమా పాత్రల మీద ఒక బృహద్గ్రంథం ప్రచురించారు. వందల కొద్దీ పాత్రలను కిరీటంలోని గుర్తును బట్టి, ముఖాన్ని బట్టి జాతులుగా విడదీసి, ఒక్కొక్క జాతికి ఒక దేవత పేరు పెట్టారు. కొసీహో అనే మెరుపు దేవుడు, పితావో కొసోబి అనే మొక్కజొన్న దేవుడు, గబ్బిలం దేవుడు, ‘13 సర్పం’ అనే దేవత, ఇలాగ. గుర్తు అర్థం తెలియని చోట కాసో 1928 నుంచీ వాడుతున్న రోమన్ అక్షరాలనే పేరుగా తగిలించారు. గుర్తులను గుర్తించి, వర్గీకరించి, కాలక్రమంలో పెట్టిన ఆ పని ఈనాటికీ ఎవరూ పక్కన పెట్టలేనిది. చిక్కు వచ్చినది పేర్ల దగ్గర.

పేర్లకు వారు ఆధారం చేసుకొన్నది ఒక నిఘంటువు. హువాన్ దె కోర్దొవా అనే డొమినికన్ సన్యాసి 1578లో మెక్సికోలో అచ్చువేయించిన స్పానిష్-సపోతెక్ పదకోశం అది. అదే ఏడాది ఆయన సపోతెక్ వ్యాకరణాన్ని కూడా వెలువరించాడు. అంత పాత కాలంలో అంత శ్రద్ధతో ఒక అమెరికన్ భాషను నమోదు చేసినందుకు భాషాశాస్త్రజ్ఞులంతా ఆయనకు ఋణపడి ఉన్నారు. అయితే ఆయన పదకోశం నడిచేది స్పానిష్ మాట నుంచి. ముందు ‘దేవుడు’ అనే స్పానిష్ మాట. దాని కింద వానల దేవుడు, పంటల దేవుడు, వేటల దేవుడు, భూకంపాల దేవుడు అని వరుస. ఒక్కొక్కదానికి సపోతెక్ మాట ఏమిటని స్థానికులను అడిగి రాసుకొన్న జాబితా. రోమన్ పురాణాలు చదువుకొన్న మనిషి ఏ గళ్లు గీసుకొని వచ్చాడో ఆ గళ్లలోనే జవాబులు నిండాయి. ఇంట్లో ఒక తెలుగు, బడిలో ఇంకొక భాషతో పెరిగిన మన విద్యార్థులకు ఇది వివరించనక్కరలేదు. అడిగే భాష ఏదైతే, చెప్పే మాట దాని ఆకారానికి వంగుతుంది.

ఆ జవాబులలో మాటిమాటికీ కనిపించే పదం ‘పితావో’. కోర్దొవా దీన్ని దేవుడని అనువదించాడు. మాటను విడదీస్తే ‘పీ’ లేక ‘పె’ అన్నది ఒక భాగం, ‘తావో’ రెండవది. తావో అంటే గొప్ప. ‘పె’ అంటే గాలి, ఊపిరి. భూసంధి సపోతెక్‌లో ఇప్పటికీ ‘బి’ అంటే గాలే. కనుక పితావో అంటే ‘మహా ప్రాణం’ అని చెప్పాలి. ప్రాణం అనే మాట మనకు ఉండడం వల్ల ఈ భావం మనకు స్పానిష్ సన్యాసికంటే తేలికగా పట్టుబడుతుంది. ప్రాణం కలది ప్రాణి. సపోతెక్‌లో ఈ ఊపిరి మాట జంతువుల పేర్ల ముందు ఉపసర్గలాగా నిలిచింది. కోర్దొవా నాటి భాషలో కుక్క ‘పెకో’, జింక ‘పిచినా’, పాము ‘పెల్ల’. పంచాంగపు రోజుల పేర్లలో జింక రోజు ఉత్త ‘చినా’యే. అంటే ‘పి’ విడిగా చేరినది.

తెలుగులో ‘ఆవు వచ్చింది, బండి వచ్చింది’ అంటాం. మహద్వాచకం కానిదంతా, ఊపిరి ఉన్నా లేకపోయినా, ఒకే గాటన కట్టడం మన వ్యాకరణం పద్ధతి. సపోతెక్ గీత వేరే చోట గీసింది. భూసంధి భాషలో మనిషికి ఒక సర్వనామం, జంతువుకు వేరొకటి, వస్తువుకు మూడవది. ఏది కదులుతుందో దానికి ఊపిరి ఉంది, ఊపిరి ఉన్నదానితో మర్యాదగా ఉండాలి అన్నది ఈ భాష వెనుక ఉన్న లోకదృష్టి అని పండితులు అంటారు. పారే ఏరుకూ, కప్పులో చిలికిన చాక్లెట్ మీది నురుగుకూ కూడా ఆ ప్రాణం ఉన్నదని వారి నమ్మకం.

ఈ ఆధారాలతోనే మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ మార్కస్ 1983లో కాసో, బెర్నాల్‌ల దేవతల జాబితాను ప్రశ్నించింది. ఆమె వాదంలో మాకు అన్నిటికన్నా బలంగా తోచేది పంచాంగం సంగతి. సపోతెక్కుల పవిత్ర పంచాంగం పేరు ‘పీయే’. ఇరవై రోజుల పేర్లు, పదమూడు అంకెలు కలిసి తిరిగే 260 రోజుల చక్రం అది. దాన్ని 65 రోజుల చొప్పున నాలుగు భాగాలు చేసేవారు. ఒక్కొక్క భాగాన్ని కూడా కొసీహో అనే అనేవారని కోర్దొవా రాశాడు. బిడ్డ ఏ రోజున పుడితే ఆ రోజు పేరే బిడ్డ పేరు. జన్మనక్షత్రాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం వెదికే మన పెద్దలకు ఇది వింతగా ఉండదు. ఇక్కడ అక్షరం కాదు, తిథి మొత్తం పేరవుతుంది. అలాంటప్పుడు ఒక పాత్ర మీద ‘13 సర్పం’ అని ఉంటే దాన్ని ఏమని చదవాలి? అది ఆ రోజున పుట్టిన ఒక స్త్రీ పేరు అని మార్కస్ అంటుంది.

ఇంకొక సాక్ష్యం కూడా ఆమెకు కలిసివచ్చింది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ 1577లో తన అమెరికా రాజ్యాలన్నిటికీ ఒక ప్రశ్నావళి పంపాడు. అందులో పూర్వపు పూజలను గురించిన ప్రశ్న కూడా ఉంది. 1580 ప్రాంతంలో వహాకా ఊళ్లనుంచి జవాబులు వెళ్లాయి. ఊరికొక ‘దేవుడి’ పేరు వచ్చింది. పక్క ఊరి దేవుడు ఈ ఊరికి తెలియదు. ఆ పేర్లలో చాలా వాటిలో పంచాంగపు తిథులున్నాయి. ఒక మతానికి అందరికీ ఉమ్మడిగా ఉండవలసిన దేవతలు ఊరూరా మారడమేమిటి? చనిపోయిన రాజులూ, వారి భార్యలూ ఆ ఊళ్లలో పూజలందుకొంటున్నారని, రాసుకొనేవారు వారిని దేవుళ్లు అనుకొన్నారని ఆమె సమాధానం. మన ఊళ్ల వీరగల్లులూ, పేరంటాళ్ల గుళ్లూ ఎరిగినవారు ఈ మాటను కొట్టివేయలేరు.

మరి కొసీహో సంగతి? ఎక్కువ పాత్రలలో కనిపించేది ఆయన ముఖమే. పాము కోరలు, చీలిన నాలుక, ఉబ్బిన పైపెదవి. కొసీహో అంటే మెరుపు. ఆకాశంలో పుట్టి, వానను విడిపించే శక్తి. వాన తప్పితే పంట తప్పే ఆ లోయలో ఆ శక్తిని అందరూ కొలిచారన్న దానిలో సందేహం లేదు. అయితే బొమ్మలను దగ్గరగా చూస్తే, కొన్నిటిలో కొసీహో ముఖం అంచు కింద మనిషి చెంప కనబడుతుంది. అంటే అది తొడుక్కొన్న ముసుగు. మరికొన్నిటిలో మూర్తి ముఖం మామూలు మనిషిదే, కొసీహో కిరీటంలో ఉంటాడు. మోంతె ఆల్బాన్ 104వ సమాధి వాకిలి పైన గూటిలో ఉన్న ప్రసిద్ధమైన పాత్ర అలాంటిదే. ఇక ఏ ముసుగూ, ఏ కిరీటమూ లేకుండా చేతులు కట్టుకొని వరుసగా కూర్చున్న చిన్న పాత్రలు పెద్దదాని చుట్టూ దొరుకుతాయి. వీటిని ‘తోడు బొమ్మలు’ అన్నారు. ఇవి ఏ దేవతలని కాసో జాబితా చెప్పలేకపోయింది. చనిపోయిన రాజు మెరుపు వేషం ధరించి కూర్చున్నాడు, చుట్టూ ఆయన వారున్నారు అనుకొంటే అన్నీ సరిపడతాయి. క్రీ.శ. 600 తరువాత సమాధులలో నిలిపిన రాతి పలకల మీద తిథుల పేర్లతో దంపతుల జంటలు, పైన ఆకాశపు దవడల నుంచి దిగివస్తున్న పూర్వీకుడు కనిపిస్తారు. సమాధులను తరతరాలుగా తిరిగి తెరిచి కొత్త శవాలను ఉంచేవారు. చనిపోయినవారు ఇంటి నుంచి వెళ్లిపోలేదు, ఇంటి నేల కిందనే ఉన్నారు.

మార్కస్ వాదాన్ని చివరిదాకా లాగి సపోతెక్కులకు దేవతలే లేరనడం మాత్రం మాకు సమ్మతం కాదు. 1704లో వహాకా బిషప్పు, పాత పూజలను ఒప్పుకొని పుస్తకాలు అప్పగిస్తే క్షమిస్తానని ప్రకటించినప్పుడు, ఉత్తరపు కొండల ఊళ్లవారు వంద దాకా పంచాంగాలనూ, కొన్ని పాటల పుస్తకాలనూ తెచ్చి ఇచ్చారు. అవి నేడు స్పెయిన్‌లో సెవిల్ నగరపు దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. ఆ పాటలలో వంశకర్తలైన పూర్వీకులూ, దేవతలూ పక్కపక్కనే ఆహ్వానం అందుకొంటారు. ఆ పాడేవారికి ఈ రెంటి మధ్య గోడ లేదు. గోడ ఉండాలన్న పట్టుదల మనదే. మోంతె ఆల్బాన్ పాత్రలను ‘దేవతలా, పూర్వీకులా’ అని అడగడంలో ఉన్న ‘లేక’ సపోతెక్ మాట కాదు. అయినా ఆ ప్రశ్న వేయకపోతే తిథులు పేర్లన్న సంగతి తేలేది కాదు.

ఈ తగవును మరింత చిక్కుపరచినవారు నకిలీ కుమ్మరులు. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట ఐరోపా, అమెరికా సంగ్రహాలయాలు వహాకా బొమ్మలకోసం పోటీపడ్డాయి. గిరాకీ ఉన్నచోట సరఫరా ఆగదు. స్థానిక పనివారు పాత ముక్కలను చూసి, పాత అచ్చులే దొరికితే వాటినే వాడి, కొత్తవి చేశారు. బ్రిటిష్ ఉపరాయబారిగా పనిచేసిన కాన్‌స్టాంటైన్ రికర్డ్స్ కూర్చిన పెద్ద సేకరణ టొరంటోలోని రాయల్ ఆంటారియో సంగ్రహాలయానికి చేరింది. దానిలోనూ, బెర్లిన్ సంగ్రహాలయపు సేకరణలోనూ నకిలీలు అనేకం ఉన్నట్టు తరువాత బయటపడింది. కాల్చిన మట్టిలోని ఖనిజాలు ఏళ్ల తరబడి రేడియో ధార్మికతను పీల్చి దాచుకొంటాయి. మళ్లీ వేడిచేస్తే ఆ శక్తిని వెలుగుగా విడుస్తాయి. ఆ వెలుగు కొలతే ఆవం నుంచి దిగి ఎంతకాలమైందో చెబుతుంది. 1970ల నుంచి ఈ పరీక్ష అనేక బొమ్మల గుట్టు విప్పింది.

ఇక్కడ నష్టం డబ్బుది మాత్రమే కాదు. నకిలీ పనివాడు ఒక బొమ్మ కిరీటాన్ని ఇంకొక బొమ్మ ముఖానికి తగిలిస్తే, గుర్తులను బట్టి దేవతలను లెక్కపెట్టే పండితుడికి ఒక కొత్త దేవత దొరుకుతుంది. ఫ్రాంక్ బోస్ 1966లో ప్రచురించిన పెద్ద సంకలనంలో నిజమైనవాటి పక్కన ఇలాంటివి చాలా చేరాయి. ఆయన తరువాత వచ్చినవారు ఆ బొమ్మల మీద వాదాలు నిర్మించారు. కెనడాకు చెందిన పరిశోధకుడు ఆడమ్ సెలెన్ సంగ్రహాలయాల పాత ఉత్తరాలూ, కొనుగోలు కాగితాలూ తవ్వి, ఏ బొమ్మ ఎవరి చేతినుంచి వచ్చిందో జాడ తీసే పనికి ఏళ్లు వెచ్చించాడు. మట్టిని తవ్వడమంత ఆకర్షణ ఈ పనికి లేదు. కాని తవ్వకంలో స్వయంగా దొరకని ఏ పాత్ర గురించైనా మాట్లాడే ముందు ఇప్పుడు అందరూ ఈ కాగితాలనే చూస్తారు.

తవ్వకంలో స్వయంగా దొరికినదానికి ఉన్న విలువ 2012లో మళ్లీ తెలిసింది. మోంతె ఆల్బాన్‌కు పక్క కొండమీద ఉన్న అత్సోంపా దాని అనుబంధ పట్టణం. అక్కడి సమాధి కట్టడంలో మెక్సికో జాతీయ పురాతత్త్వ సంస్థవారికి దోపిడి చేతికి చిక్కని ఒక గది కనిపించింది. అందులో అర మీటరు ఎత్తున్న ప్రతిమా పాత్ర ఉంది. దాని మీద ‘8 భూకంపం’ అనే తిథి గుర్తు ఉంది. 1952లో అయితే ఆ బొమ్మకు ‘8 భూకంపం దేవుడు’ అని చీటీ అంటించేవారు. 2012లో తవ్వినవారు దాన్ని అక్కడ పడుకొన్న పాలకుడి పేరుగా చదివారు. అత్సోంపా కొండ కింది ఊరిలో కుమ్మరులు ఇప్పటికీ ఆవాలు పెడుతున్నారు.

2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో సపోతెక్ భాషలు మాట్లాడేవారు దాదాపు 4 లక్షల 90 వేల మంది. భాషలు అని బహువచనంలో అనడమే సరి, ఒక లోయవారి మాట ఇంకొక కొండవారికి అర్థం కాదు. భూసంధి ప్రాంతంలో దున్నేటప్పుడు నాగలికి తగిలే పాత మట్టి బొమ్మలను వారు ‘బిన్నిగులాసా’ అంటారు. చివరి ‘సా’ను పండితులు రకరకాలుగా విడదీస్తారు. మొదటి రెండు భాగాలలో తగవు లేదు. బిన్ని అంటే జనం, గులా అంటే పాతకాలపు, పెద్ద.